చల్లబడకూడని ట్యూబు

"పిడికిలి బిగించండి. నన్ను చూడకండి, ఆ కిటికీ వైపు చూడండి," అంటూనే దోమక్క సూది దించేసింది. ఎదుట కూర్చున్న పెద్దాయన ఇంకా కిటికీ ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాడు. ఆస్పత్రిలో రక్తం తీసే ఈ గదిలోనే ఆమె జుట్టు నెరిసింది. దోమ కుట్టినంత కూడా తెలియదని రోగులే ఆ పేరు పెట్టారు. మొదట్లో అలిగింది కానీ, ఇప్పుడు సొంత పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు.

రక్తం తీయడం, ట్యూబుకు చీటీ అంటించడం, ఫ్రిజ్‌లో పెట్టి మోకాలితో తలుపు మూయడం. మనసు ఎక్కడున్నా ఆమె చేతులు ఆ పని చేసుకుపోతాయి. ఆ చేతులే కొంప ముంచాయి.

అన్నయ్యకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. జీవితమంతా కుట్టుమిషన్ తొక్కినవాడు, సిగరెట్టు వాసనే పడనివాడు. గడ్డ గుండెను ఆనుకుని ఉంది, పరీక్షకు ముక్క తీయడం కుదరదన్నారు. అయితే గడ్డ తన తునకలను రక్తంలోకి వదులుతుందట. ఆ రక్తం పరీక్షిస్తే జన్యువులో ఏ మార్పు వచ్చిందో తెలుస్తుంది. ఫలానా మార్పు కనిపిస్తే మాత్రలున్నాయి. కనిపించకపోతే చేసేదేమీ లేదు, వేరే మందులు తట్టుకునే ఒళ్లు కాదు అతనిది.

ఆ రక్తానికి ట్యూబు వేరు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గదిలోనే ఉంచాలి. చల్లబడితే రక్తకణాలు పగిలి, వెతికే తునక ఆ చెత్తలో కలిసిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. దోమక్క తలూపింది. తీరా అన్నయ్య రక్తం తీశాక కన్నీళ్లు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ ఫ్రిజ్ తెరిచింది, మోకాలితో మూసింది. "చల్లబడి పాడైంది, మళ్లీ పంపండి" అని పెద్ద ల్యాబు నుంచి కబురొచ్చేసరికి అన్నయ్యను జ్వరం పట్టుకుంది. మళ్లీ రక్తం తీయడానికి అది తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ల్యాబువాళ్లు ట్యూబు పోగొట్టారని దోమక్క ఇంట్లో అబద్ధం చెప్పింది.

ఎట్టకేలకు జ్వరం తగ్గాక, ఒక మధ్యాహ్నం వదిన అన్నయ్యను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది.

"ఏమే, మా రక్తం తాగుతున్నందుకు... నీకు జీతం కూడానా?" మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"చాల్లే అన్నయ్యా. పిడికిలి బిగించు."

పిడికిలి బిగియలేదు. చేయంతా చిక్కి చర్మం వేలాడుతోంది. కత్తెర పట్టి పట్టి కాయకాసిన బొటనవేలు మాత్రం అలాగే గట్టిగా ఉంది. మోచేతి దగ్గర నరం దొరకలేదు. మళ్లీ ముంజేతి మీద గుచ్చాల్సి వచ్చింది. రక్తం అయిష్టంగా వచ్చింది.

"నొప్పెట్టిందా?"

"ఇవాళ కందిరీగవయ్యావే."

ట్యూబును కుదపకుండా మెల్లగా తలకిందులు చేస్తూ, నిజం చెప్పేద్దామనుకుంది. అంతలోనే వదిన కుర్చీ తిప్పింది. గుమ్మం దగ్గర అన్నయ్య చెయ్యెత్తి ఆపించాడు.

"ఈసారి ఫ్రిజ్‌లో పెట్టకే."

ట్యూబు తిప్పుతున్న దోమక్క చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"డాక్టరమ్మను అడిగా. ఊరుకో... బట్ట కత్తిరించేశాక ఏడ్చి ఏం లాభం?"

తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

ట్యూబును బల్లమీద స్టాండులో నిలబెట్టింది. ఎండ పడుతుందని కిటికీ తెర లాగింది. బల్ల సర్దబోయిన ఆయాను, "దాని జోలికి రాకు!" అని కసిరింది. ఆయా బిత్తరపోయింది. దోమక్క ఏనాడూ ఎవరినీ కసిరిన మనిషి కాదు.

సాయంత్రం వదిన ఫోను చేసింది.

"మంచమ్మీద పడుకోబెట్టానమ్మా. దాహమన్నారు. నీళ్లు తెచ్చేలోపే..." ఆపైన ఏడుపే.

దోమక్క ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. శాంపిళ్లు తీసుకెళ్లే అబ్బాయి వచ్చి, ఫ్రిజ్‌లోవన్నీ తన ఐసు పెట్టెలో సర్దుకున్నాడు.

"బయట పెట్టేది ఒకటుందన్నారు కదక్కా, ఏదీ?"

"లేదు. నువ్వెళ్లు."

ఆమె కూడా లేచింది, దీపం ఆర్పింది, తలుపు దగ్గరికి లాగి అన్నయ్య ఇంటికి బయల్దేరింది. బల్లమీద స్టాండులో అన్నయ్య ట్యూబు, ఈసారి చెప్పినట్టే, ఫ్రిజ్‌కు దూరంగా, చల్లబడకుండా ఉంది.