పదకొండు ఇళ్ళ పిలుపు

కుంకుమ భరిణె మూత బస్సు కుదుపులకి ఊడిపోకుండా తన్మయి దానికి రబ్బరు బ్యాండు వేసి, కవరులో చుట్టి, లాప్‌టాప్ పక్కన సర్దుకుంది. దాని పక్కన పదకొండు కార్డులు. మర్నాడు మాదాపూర్‌లో జరిగే టెక్ కాన్ఫరెన్సులో నాలుగు వందల మంది ముందు ఇరవై నిమిషాలు మాట్లాడవలసిన మనిషి విజయవాడ నుంచి మోసుకొచ్చిన సరంజామా అది.

ఒకరోజు ముందు వెళతానని ఆమె అడిగింది ఊరు చూడటానికి. పన్నెండేళ్ళ కాపురంలో హైదరాబాదుకి ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ పెళ్ళిళ్ళకే, కారు వెనక సీట్లో, ఒళ్ళో పిల్లాడితో. కల్యాణమండపాల్లో విడిది గదులు తప్ప ఈ మహానగరంలో ఆమె ఎరిగింది ఏమీ లేదు. ఈసారి ఒక్కతే మెట్రో ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెళ్ళాలనుకుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎవరూ "పద పద" అనకుండా ఒక్కో బొమ్మ ముందూ తనకి తోచినంతసేపు నిలబడాలనుకుంది. అంతకంటే పెద్ద కోరికలేం కావు. ఆ మాట భర్త దగ్గర నోరు జారింది.

"ఒకరోజు ముందే వెళుతున్నావుగా," అన్నాడు రాఘవేంద్ర టీవీ మీంచి చూపు తిప్పకుండా. "బస్సు ఎల్‌బీ నగర్‌లో దింపుతుంది. మనవాళ్ళంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి బొట్టు పెట్టి పిలిచేసి రా. ఊరు చూసినట్టూ ఉంటుంది."

అత్తగారు కుసుమకుమారి అప్పటికే జాబితా రాయడానికి కూర్చుంది. ఫోన్లో చెబితే సరిపోదా అత్తయ్యా అంటే, "ఇంటి కోడలు గుమ్మంలోకెళ్ళి బొట్టు పెట్టకపోతే అదేం పిలుపు?" అంది. రాఘవేంద్ర పనిమీద నెలకి రెండుసార్లు హైదరాబాదు వస్తాడు. కానీ మగవాడు బొట్టు పెట్టకూడదు కదా, అంచేత అతను హాయిగా వచ్చి హాయిగా వెళతాడు. మర్యాద ఇంటిల్లిపాదిదీ, దానికోసం అరిగే కాళ్ళు మాత్రం ఆమెవీ.

ఆఫీసు మర్యాద ఇంకో రకం. "ముందురోజు సాయంత్రం ఐదింటికల్లా హాలుకి వచ్చి, స్టేజీ మీద లాప్‌టాప్ పెట్టి అన్నీ సరిచూసుకోవాలి," అన్నాడు మేనేజరు. "రాకపోతే మహేందర్ మాట్లాడతాడు. స్లైడ్లు అతనికి పంపండి. ఆడవాళ్ళకి ఆఖరి నిమిషంలో ఏదో ఒకటి వస్తుంది కదా, నా జాగ్రత్తలో నేనున్నాను." ఆమె మాట్లాడవలసింది, ఏ యాసలో మాట్లాడినా ఆ తెలుగుని ఉన్నదున్నట్టు రాసిపెట్టే ఓ ప్రోగ్రాం గురించి. రెండేళ్ళ పాటు, పిల్లాడి హోంవర్కుకీ రాత్రి వంటకీ మధ్య దొరికిన టైములో తన్మయి దాన్ని తయారు చేసింది. ఆమె టీములోనే ఉండే మహేందర్ చేసిన పనల్లా స్లైడ్లు అందాయని రిప్లై ఇవ్వడం.

దిల్‌సుఖ్‌నగర్‌లో మూడిళ్ళు, నాగోల్‌లో రెండు, ఎల్‌బీ నగర్‌లో ఒకటి అయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. మెట్రోని ఆమె చూడనే చూసింది, కింద నుంచి, ఆటోలో, దాని స్తంభాలు లెక్కపెడుతూ. ప్రతి ఇంట్లో కాఫీ, ప్రతి ఇంట్లో అవే ప్రశ్నలు. రాఘవ రాలేదా, పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారు, అత్తగారికి వండి పెట్టే వచ్చావా. శేషారత్నం పిన్నిగారితో "రేపు నేను కాన్ఫరెన్సులో..." అని మొదలుపెడితే, ఆవిడ ఆమె చీర కొంగు పట్టుకుని చూసి, "ఇదెక్కడ కొన్నావే?" అంది. తన్మయి షాపు పేరు చెప్పి లేచింది.

ఏడో ఇల్లు మన్సూరాబాద్‌లో సాంబమూర్తి గారిది. సాయి పేరున్న అపార్టుమెంటు, మూడో అంతస్తు. మన్సూరాబాద్‌లో సాయి పేరు లేని అపార్టుమెంటు దొరకడమే కష్టం, ఆ సంగతి ఆమెకేం తెలుసు! తలుపు తెరిచిన పెద్దావిడ మొహం కూడా సరిగ్గా చూడలేదు. ఆరిళ్ళలో అరిగిపోయిన మాటలు వాటంతటవే వచ్చాయి. "మా ఆడపడుచు గారమ్మాయి ఓణీల ఫంక్షనండీ, మీరంతా ముందురోజే వచ్చేయాలి" అంటూ నుదుట బొట్టు పెట్టి, చేతిలో కార్డు పెట్టేసింది.

ఆవిడ నిదానంగా కార్డు తిప్పి చూసి అంది. "మంచిగనే ఉన్నది గానీ, విజయవాడల మాకెవ్వలు లేరు గద బిడ్డా."

"సాంబమూర్తి గారి ఇల్లు కాదా?"

"గా సారోళ్ళు ఎనక గల్లీల ఉంటరు. నా పేరు అండాలమ్మ."

తన్మయికి తల కొట్టేసినట్టయింది. క్షమించమంది. "బొట్టు పెడితే తప్పేంది?" అని అండాలమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూచోబెట్టింది. "మొఖమంత వాడిపోయింది. తిన్నవా? ఏం పని మీద ఒచ్చినవ్ పట్నం?"

పొద్దున్నుంచీ ఆ మాట అడిగిన మొదటి మనిషి. తన్మయికి ఏడుపొచ్చింది. కుంకుమ వేళ్ళు తుడుచుకుని అంతా చెప్పింది. ప్రోగ్రాం గురించీ, ఐదు గంటల గురించీ, మహేందర్ గురించీ.

"నేను మాట్లాడింది గూడ రాస్తదా? నా మాటనా?"

తన్మయి లాప్‌టాప్ తెరిచి, మాట్లాడమంది. అండాలమ్మ గొంతు సవరించుకుంది. ఒకసారి వంటింటి వైపు చూసింది. "పొద్దుగాల నుంచి ఏడుగురికి వండి పెట్టిన. నేను తిన్ననా అని ఒక్కలు అడుగలే," అంది మెల్లగా.

ఆ మాటలు ఆ మాటలుగానే తెర మీద పడ్డాయి. అండాలమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుకుంది.

"గిది నువ్వు చేసినవా?"

"నేనేనండి."

"మరి గా పిలగాడు ఎట్ల చెప్తడు?" అంది కోపంగా. "ఇంకెన్ని ఇండ్లున్నయ్?"

"ఐదు."

"మాదాపూర్ ఇక్కడున్నదా? ఇప్పుడు బయల్దేరితేనే అందుతవ్. ఆ ఐదిండ్లు తిరిగినవనుకో, నీ మాట పోయినట్టే."

తన్మయి మిగిలిన కార్డుల వైపు చూసింది. వెళ్ళకపోతే ఆ ఐదిళ్ళ అలకలూ తన పేరున చచ్చేదాకా ఉంటాయి. ప్రతి శుభకార్యంలో ఎవరో ఒకరు ఎత్తిపొడుస్తారు. అన్నీ తెలిసే లేచింది. సాంబమూర్తి గారి గల్లీ వైపు తిరగకుండా ఆటో ఎక్కి, ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ దగ్గర దిగింది.

ప్లాట్‌ఫారం మీద ఉండగా అత్తగారి ఫోను. "సాంబమూర్తి గారింట్లో అయిందా తన్మయీ?"

"లేదత్తయ్యా. ఐదిళ్ళు పిలవలేదు. నేను మాదాపూర్ వెళుతున్నాను."

"అదేంటి? వాళ్ళేమనుకుంటారు? నీ మీటింగు రేపు కదా!"

"ఇవాళ ఐదింటికి వెళ్ళకపోతే రేపు నా బదులు ఇంకొకరు మాట్లాడతారు."

"మాట్లాడనీ. ఎవరు మాట్లాడితే ఏంటి?" అంది అత్తగారు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

రైలొచ్చి ఆగింది. తన్మయి ఎక్కింది.

"మనింట్లో పన్నెండేళ్ళుగా నా బదులు ఇంకొకరే మాట్లాడుతున్నారు అత్తయ్యా," అంది.