దెల్ఫీనో మెచ్చుకున్న సూపు

దక్షిణాది ఇటలీ మొగవాళ్ళు వంటను నోరారా పొగుడుతారు. ఉత్తరాన మా టొరీనో మొగవాళ్ళకి ఆ అలవాటు లేదు. గొంతుదాకా తిని, గిన్నెను బ్రెడ్డు ముక్కతో తుడిచి, "తినొచ్చు" అంటారు. ఆ ఒక్క మాటకే ఆడవాళ్ళు మురిసిపోవాలి. దెల్ఫీనో ఆ మాటైనా ఏడాదికి రెండుసార్లకు మించి అనేవాడు కాదు. మిగతా రోజులన్నీ వంకలే. నలభై ఆరేళ్ళ కాపురంలో ఇర్మాకి అవి అలవాటైపోయాయి.

అలాంటి మనిషి క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నుంచీ అన్నీ బ్రహ్మాండం అంటున్నాడు. సూపు బ్రహ్మాండం. నిన్న మిగిలిన సూపు మరీ బ్రహ్మాండం. ఇర్మా మొదట్లో నవ్వుకుంది గాని, వారం తిరిగేసరికి ఆవిడకి నిద్ర కరువైంది. జనవరిలో అతను ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఏమన్నాడంటే ఏమీ లేదన్నాడు. ఆవిడ అన్న కూడా పోయేముందు ఇలాగే ఉన్నట్టుండి మంచివాడైపోయాడు. ఇంకేముంది, ఈయనా పోబోతున్నాడు, తన దగ్గర దాస్తున్నాడు అని ఆవిడ తేల్చేసుకుంది.

అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం అతన్ని సిల్వానా హోటలుకి లాక్కెళ్ళింది. నది పక్క సందులో ఆరే ఆరు బల్లల హోటలు. లోపలి ఆవిరికి కిటికీ అద్దాలు మసకబారి వీధి కనిపించదు. పెళ్ళికి ముందు నుంచీ వాళ్ళు తినే చోటు. సిల్వానా కోట్లు అందుకుని, పొయ్యి పక్క బల్ల చూపించింది. ఇర్మా కూర్చోకుండానే ప్లిన్ తెమ్మంది, రుమాల్లో.

ప్లిన్ అంటే మాంసం, పాలకూర కలిపిన పూర్ణం పెట్టి, వేళ్ళతో గిల్లి మూసిన బుల్లి పాస్తా. ఉడికించి, పొడిగుడ్డలో మూటగట్టి తెస్తారు. సాస్ ఉండదు, వెన్న ఉండదు. వండినవాళ్ళ తప్పూ దాగదు, తిన్నవాళ్ళ అబద్ధమూ దాగదు. దీనికి కూడా వంక పెట్టకపోతే ఇక ఆశ వదులుకోవాల్సిందే అనుకుంది ఇర్మా.

సిల్వానా మూట విప్పి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎప్పుడూ పడే తిట్ల కోసం నిలబడింది. దెల్ఫీనో ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. ఒక్క వంక పెట్టు తండ్రీ, అని ఇర్మా లోలోపలే మొక్కుకుంది.

"బ్రహ్మాండంగా ఉన్నాయి," అన్నాడు.

సిల్వానా మొహం పాలిపోయింది. ఏం జరిగిందని ఇర్మాని కళ్ళతోనే అడిగి, వంటింట్లోకి పోయింది.

ఇర్మా ఫోర్కు కింద పెట్టేసింది. "ఎన్నాళ్ళన్నాడు డాక్టరు?"

"దేనికి?"

"నాతో ఆటలొద్దయ్యా. ఇంకెన్నాళ్ళు బతుకుతావన్నాడు?"

దెల్ఫీనో తెల్లబోయాడు. తర్వాత తల దించుకుని మెల్లిగా బయటపెట్టాడు. డిసెంబరులో జ్వరం తగ్గాక ముక్కుకి వాసన తెలియడం లేదట. దాంతో రుచీ పోయిందట. ఏది తిన్నా తడి అట్ట నమిలినట్టే ఉందట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు. వంక పెట్టాలంటే రుచి తెలియాలి కదా, దొరికిపోతానేమోనని అన్నీ పొగిడేస్తూ వచ్చాడట.

ఇర్మాకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెంటికంటే ముందు ఒళ్ళు మండింది. "బుద్ధుందా నీకు? నీ సమాధి రాయి మీద ఏం రాయించాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను."

"చెప్తే వంట మానేస్తావనుకున్నా. వంటింట్లో నీ చప్పుడు లేకపోతే ఆ ఇంట్లో నేనుండలేనే."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఒక ప్లిన్ నోట్లో వేసుకుని, దూడమాంసం బాగా వేగిందనీ, జాజికాయ ఎక్కువైందనీ, అంచులు మందంగా ఉన్నాయనీ చెప్పింది. అది విని అతనూ ఒకటి తిన్నాడు. పాలకూర సంగతేంటన్నాడు. సిల్వానా తక్కువేసిందని చెప్పింది. అలా చెప్పుకుంటూ సగం మూట తినేశారు.

"వీటి సంగతి సరే," అన్నాడు దెల్ఫీనో తలెత్తకుండానే. "నీ వాసన కూడా తెలియడం లేదే. రాత్రుళ్ళు పక్కనే పడుకుంటావు, ఉన్నట్టే ఉండదు."

 నోట్లోది ఎలా ఉందో ఇర్మా చెప్పగలదు గాని, తన వాసన తనకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

"ఎలా ఉండేదయ్యా?" అంది, మెల్లిగా.

దెల్ఫీనో కళ్ళు మూసుకున్నాడు. "ఇస్త్రీ చేసిన వేడి దుప్పటి," అన్నాడు. కళ్ళు తెరవకుండానే, "వానలో తడిసొచ్చిన ఉన్ని స్వెట్టరు. చెవి వెనకాల ఇంకోటి ఉండేది. దానికి పేరు లేదు."

రుమాల్లో మిగిలినవి చల్లారిపోతున్నాయి. ఇర్మా కుర్చీ ఎత్తుకుని అతని పక్కకొచ్చి కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది.