అడిగినదానికల్లా అవును

మా అక్క పొద్దున్నే ఆసుపత్రిలో కూర్చోగానే చేసే మొదటి పని బావ గొంతు వినడం. గొంతు ఆపరేషన్‌కి వెళ్లేవాళ్ల మాటల్ని ముందుగా రికార్డు చేసి దాచడం ఆవిడ ఉద్యోగం. ఆరేళ్ల కిందట ఆ జాబితాలో మొట్టమొదటి మనిషి బావే. ఇచ్చిన పదాలన్నీ బుద్ధిగా చదివి, చివర్లో "ఏమోయ్, అయిందా? ఆకలేస్తోంది" అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయనకు మాట లేదు. జేబులో చిన్న పుస్తకం, పెన్ను, అంతే. రెండో కాపీ ఎక్కడా ఉండకూడదని ఆసుపత్రి నియమం. నియమమంటే మా అక్కకు ప్రాణం.

ఆ రికార్డులుండేది వేరే ఊళ్లో, ఒక పెద్ద కంప్యూటర్లో. ఇక్కణ్నుంచి దాన్లోకి వెళ్లాలంటే పేరు చెప్పాలి, పాస్‌వర్డ్ చెప్పాలి, ఆపైన అది వేసే చొప్పదంటు ప్రశ్నలకు జవాబులివ్వాలి. తేదీ సరిగ్గా ఉందా, అవునా కాదా? కొనసాగించాలా, అవునా కాదా? అత్తగారు కూడా అన్ని అడగదు.

"ఒరేయ్, నీ చదువు నాకెందుకైనా పనికొస్తుందా?" అంది అక్క. రోషం వచ్చి ప్రోగ్రాం రాశాను. అది అక్క బదులు లోపలికి వెళ్లి, అక్క బదులు జవాబులు చెప్పి, బావ గొంతు తెచ్చి వినిపిస్తుంది. ఒక్కో ప్రశ్నకూ విడిగా రాయడానికి నాకు బద్ధకం. "అవునా కాదా" అని ఎక్కడ కనిపించినా "అవును" అనమన్నాను. రెండేళ్లు సాఫీగా నడిచింది.

సోమవారం పొద్దున ఫోన్.

"బావ పలకడం లేదురా. ఏవో పేర్లు వరసగా పోతున్నాయి."

నా ఆఫీసు పక్క వీధే. పరుగెత్తాను. తెర మీద ఇలా ఉంది: "చోటు నిండింది. ఏడాది దాటిన రికార్డులు శాశ్వతంగా తీసేయాలా? అవునా కాదా?" దాని కింద, ఎంతో వినయంగా, "అవును."

నిరుటివాటితో మొదలుపెట్టి వెనక్కి వెళ్తోంది. నాలుగేళ్ల కిందటివాటి దాకా వచ్చేసింది. ప్రోగ్రాం ఆపేశాను. తెర ఖాళీ అయింది గానీ, ఇక్కడ ఆపితే అక్కడి పని ఆగదు. చేత్తో మళ్లీ లోపలికి వెళ్లబోయాను. "మీ పేరుతో ఒకరు లోపల ఉన్నారు. పని పూర్తయ్యేదాకా ఆగండి" అంది. ఆ ఒకరు నేను రాసిన దరిద్రమే.

అక్క ఆ ఊరికి ఫోన్ చేసింది. "కంప్యూటర్ గది తాళం సారు దగ్గరుందమ్మా. సారు మీటింగులో ఉన్నారు," అన్నాడు కాపలాదారు.

"మీటింగు గది తలుపు కొట్టండి!"

"కొట్టానమ్మా. పలకడం లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఇంతలావు చదువూ చదివి, కుర్చీలో కూర్చుని గడియారం చూడటం తప్ప నా చేతిలో ఏమీ లేదు. అరగంటకు అది లోపలికి రానిచ్చింది. ఏడాది లోపువి మాత్రమే మిగిలాయి.

మధ్యాహ్నం బావ క్యారియర్ తెచ్చాడు. మా మొహాలు చూసి పుస్తకం తీశాడు. "ఏమైంది?" చెప్పాను. "అడగకుండానే తీసేసిందా?" అని రాశాడు.

"అడిగింది బావా. నేనే అవునన్నాను."

అక్క రోజూ ఏ మాట వింటుందో ఆయనకు తెలుసు. ఒక్క వరస రాసి పుస్తకం అక్క ముందు పెట్టాడు. "ఏమోయ్, అయిందా? ఆకలేస్తోంది."

అక్క దాన్ని పైకి చదివింది. మళ్లీ చదివింది.

"నా గొంతే వినిపిస్తోందిరా," అంది నాతో.