నూనె రాసిన డిస్కు

పదిహేడేళ్ల కిందట కొత్త డిస్కులు రెండు రకాలు వచ్చాయి. ఒకటి బ్లూరే, ఒకటి హెచ్‌డీ డీవీడీ. కొలత ఒకటే, మెరుపు ఒకటే. బ్లూరేకి ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు పెట్టాలి. రెండోదాన్ని పాత డీవీడీ యంత్రాలనే కాస్త మార్చి అచ్చు వేయొచ్చు. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఆ లెక్క చాలనిపించింది. తయారీ చవకైతే ధర దిగుతుంది, ధర దిగితే ఇంటింటికీ వస్తుంది. అంగట్లో మాత్రం రెండిటి ధరా దాదాపు ఒకటే. ఆ తేడా ఎవడి జేబులోకి పోతోందో అడగాలని తోచలేదు.

అప్పుడు విడవలూరులో నాది వీడియో షాపు. నెల్లూరులో డిస్కులమ్మే ఆఫ్తాబ్ దగ్గర ఆ రెండో రకానివే ఒక ప్లేయరు, డిస్కులోకి ఎక్కించే రైటరు ఒకటి, పది ఖాళీ డిస్కులు కొన్నాను. జనవరిలో జువ్వలదిన్నె చర్చి కూటాలు మూడు రోజులు తీశాను. ముప్పై రూపాయల సీడీలో గంటే పడుతుంది కాబట్టి ప్రసంగాలు ఉంచి పాటలు కోసేశాను. అలా తెగినవాటిలో క్రీస్తుదాసు పాట ఒకటి. అతను చేపల వేటకు పోయే మనిషి, గొంతు మంచిది. ఆ పాట పూర్తిగా ఉన్నది, కెమెరా టేపు కాక, నేను నమూనాకు చేసి గాజు బీరువాలో పెట్టిన హెచ్‌డీ డిస్కులోనే.

ఫిబ్రవరిలో ఆఫ్తాబ్ ఫోన్ చేశాడు.

"జయకుమారన్నా, మన కంపెనీవోళ్లు చేతులెత్తేసినారు. నీ రకం డిస్కులు ఇంక చెయ్యరంట."

"మరి నా దగ్గర ఉండేటివి?"

"వరిచేల్లో కట్టుకో. కాకులు రావు."

అతను నవ్వుతుండగానే ఫోన్ పెట్టేశాను.

ఆ నెలలోనే పడవ తిరగబడి క్రీస్తుదాసు పోయాడు. నలభై రోజులకు అతని భార్య ఎస్తేరమ్మ షాపుకొచ్చింది.

"ఆయన పాడినాడే, ఆ పాట సీడీలో లేదన్నా."

టేపు అరలోనే ఉంది. ముప్పై రూపాయలకు మామూలు సీడీ చేసి ఇవ్వొచ్చు. కానీ బీరువాలోని డిస్కు మీద నావి నాలుగొందలు ఇరుక్కుపోయి ఉన్నాయి.

"దీంట్లో ఉండాది. పన్నెండొందలు."

"మా టీవీలో ఆడతాదా?"

"దీనికి వేరే మిషను కావాల. వచ్చే ఏడు అందరిళ్లల్లో ఉంటాది. చేసే ఖర్చు తక్కువమ్మా, రేటు దిగక యాడికి పోతాది?"

ఆమె కొంగు ముడి విప్పింది. మరుసటి వారం ఆ టేపు మీదే ఒక పెళ్లి తీశాను. పాత టేపు మీద మళ్లీ తీయడం మా పనిలో అందరూ చేసేదే.

ఆ తర్వాత బస్టాండులో ఎప్పుడు కనబడినా ఒకటే ప్రశ్న. "ఆ మిషను రేటు దిగిందా అన్నా?" దిగుతుందని చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమెను చూస్తే రోడ్డు దాటేసేవాణ్ణి.

మొన్న శుక్రవారం నేరుగా షాపుకే వచ్చింది. ఇప్పుడు అది జెరాక్సు అంగడి. బైబిల్ సంచీలోంచి చేతిరుమాలు మూట తీసింది.

"ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక. నాకు చెవులు మందగిస్తా ఉండాయన్నా. పూర్తిగా పొయ్యేలోపల ఒక్కసారి ఇనాల. నీ దగ్గర మిషను ఉంటాది గదా?"

అటక మీద నుంచి ప్లేయరు దించాను. దీపం వెలిగింది. మూట విప్పితే కొబ్బరినూనె వాసన.

"ఏందమ్మా ఇది?"

"ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నెలనెలా రాస్తా ఉండా. ఆయన పడవ ఇంజనుకి రాసేవాడే, అట్ట."

సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి పెట్టాను. గిర్రున తిరిగింది, టక్కుమంది, ఆగింది. నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ డిస్కు లేదనే చూపించింది టీవీ.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను నూనె రాసినందుకేనా అన్నా?"

నూనె వల్లో, పాతబడినందువల్లో నాకూ తెలియదు. అవును అంటే చాలు, పదిహేడేళ్ల ప్రశ్న తీరిపోతుంది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది.

"కాదు," అన్నాను, ఆమెకు వినబడేలా గట్టిగా. "నీకు అమ్మిన నాటికే ఈ రకం ఆగిపొయ్యింది. నాకు తెలుసు. టేపు కూడా ఉండింది. మామూలు సీడీ చేసి ఇయ్యొచ్చు. ఇయ్యలా."

"టేపు యాడుంది?"

"దాని మీద పెళ్లి తీసినా."

ఎస్తేరమ్మ డిస్కు కోసం చెయ్యి చాపింది. "ఆ పెళ్లి అయిపొయ్యినాక, టేపు చివర్న ఆయన కొంచెమన్నా మిగిలుంటాడేమో చూడరాదా?"

"ఆ టేపే లేదమ్మా ఇప్పుడు."

ఆమె డిస్కును పైటతో తుడిచి రుమాల్లో చుట్టింది. మెట్టు దిగి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"నూనె వల్ల కాదు గదా?"

"కాదు."

తల ఊపి, మూటను బైబిల్ పక్కన సర్దుకుని, బస్టాండు వైపు నడిచింది.