చక్రం కీచుమంటే రాళ్ళు కదలవు

ప్రతి గురువారం పొద్దున్నే కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, ఆర్డిత్ షెడ్డు తలుపు తీసేది. లోపల ఆమె భర్త డెల్మార్ చనిపోతూ వదిలి వెళ్ళిన గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ఉండేది. ముందు చక్రాలను ఒక్కొక్కటిగా రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసేది. వదులు లేదని తేలాక చక్రాల నడిమి హబ్బులకు గ్రీజు గన్ను తగిలించి, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టేది. వచ్చినదాన్ని గుడ్డతో తుడిచి, బండెక్కి, మా ఊరి సమాధుల తోటకు వెళ్ళేది.

ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య మా ఊరు. చర్చి వెనకాలే సమాధుల తోట. ట్రాక్టరు దగ్గరికి రాగానే సమాధి రాళ్ళు జానెడు పక్కకు జరిగేవి. తమ కాళ్ళ దగ్గరి గడ్డి కోయించుకుని, కింద పడుకున్న మనిషి పిలిచినట్టు మళ్ళీ తమ చోటికి వచ్చి నిలబడేవి. అందుకే మా ఊళ్ళో వైరు తిప్పి గడ్డి కొట్టే మిషను ఎవరి దగ్గరా లేదు. పక్క ఊరివాళ్ళు దాంతో రాళ్ళ చుట్టూ కొట్టీ కొట్టీ పాత పాలరాతి నిండా గాట్లు పెట్టారు. మాకు ఆ ఖర్మ పట్టలేదు.

ఒకటే షరతు, చక్రం చప్పుడు చేయకూడదు. అక్కడ పడుకున్నవాళ్ళంతా ఒకప్పటి రైతులు. ఇంజను ఎంత మోత పెట్టినా పట్టించుకోరు కానీ చక్రం కీచుమంటే మొండికేస్తారు. గ్రీజు పెట్టక బేరింగును ఎండబెట్టినవాడికి దారి ఇవ్వడం బతికున్నప్పుడే వాళ్ళకు చేతకాలేదు.

ఆ గడ్డి కోసేవాళ్ళకు జీతం లేదు. పోయాక ఆ తోటలోనే ఒక చోటు ఇస్తారు, అది మా ఊరి కట్టుబాటు. డెల్మార్ బతికినంతకాలం కోసి, తూర్పు వరసలో, పియోనీ పూల పొద పక్కన మెరక మీద పడుకున్నాడు. అతని పక్క చోటు ఆర్డిత్‌ది. ఆమె ఆ చోటు దగ్గరికి వచ్చినప్పుడల్లా కాస్త నెమ్మదిగా తోలేది.

ఇక హోబర్ట్ సంగతి. ఊరి బోర్డుకు పెద్ద. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆర్డిత్ ముందు చేతులు కట్టుకుని బైబిలు కథలు విన్నవాడే. మే నెలాఖరున యుద్ధాల్లో పోయినవాళ్ళను తలచుకునే మెమోరియల్ డే ఊరేగింపులో పిల్లల బండి లాగడానికి ట్రాక్టరు అడిగితే ఆమె కాదనలేదు. గుడ్డ పెట్టి తుడిస్తే సరిపోయేదానికి, ఆ మహానుభావుడు నీళ్ళు జోరుగా చిమ్మే పంపు తెచ్చి ముందు హబ్బుల్లోకి గురిచూసి కొట్టాడు. అంచుల్లో కనిపించిన గ్రీజును మురికి అనుకున్నాడట. మురికితో పాటు లోపలి గ్రీజూ పోయింది, దాని చోట నీళ్ళు చేరాయి. పైగా ఊరేగింపు అయ్యాక కూడా బండిని తన దొడ్లోనే పడేసి, లోపల బాగా తుప్పు పట్టాక తెచ్చి ఇచ్చాడు. బండి తళతళ మెరుస్తోంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ గురువారం ఆర్డిత్ ఎంత గ్రీజు కొట్టినా ఎడమ చక్రం కీచుమంటూనే ఉంది. సమాధుల తోటలో ఒక్క రాయి కదలలేదు. తర్వాతి వారం కూడా అంతే. రాళ్ళ మొదళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. జనం గొణగడం మొదలుపెట్టారు. హోబర్ట్ గేటు దగ్గర నిలబడి ఆమె బండి ఆపేదాకా చూశాడు.

"రాళ్ళు మీ మాట వినడం లేదు ఆర్డిత్ గారూ. ఎడమ చక్రం చూడండి, తాగినవాడిలా ఊగుతోంది. బండికి వయసైపోయింది. మీకు కూడా..."

"నాకు కూడా?"

"కాస్త విశ్రాంతి కావాలంటున్నా. బోర్డులో అనుకున్నాం. జూలై నుంచి మా అల్లుడు కోస్తాడు. రాళ్ళు కదలకపోతే మానె, చుట్టూ వైరు మిషనుతో కొట్టేస్తాడు."

"హబ్బుల్లో నీళ్ళు కొట్టింది నువ్వు కదా హోబర్ట్."

"శుభ్రం చేసి ఇచ్చాను. మంచికి పోతే ఇలాగే ఉంటుంది."

"మరి డెల్మార్ పక్క చోటు?"

హోబర్ట్ టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు. "కోసేవాళ్ళకే చోటు. ఆ కట్టుబాటు నేను పెట్టింది కాదు కదండీ."

ఆ వారం తిరక్కుండానే లారీ వచ్చి, డెల్మార్ పక్కన ఒక నల్ల గ్రానైటు రాయి దింపి వెళ్ళింది. దాని మీద హోబర్ట్ పేరు, పుట్టిన ఏడు, ఒక గీత, గీత తర్వాత ఖాళీ. బతికుండగానే రాయి చెక్కించుకోవడం మా వైపు మామూలే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ హోబర్ట్ వాళ్ళ కుటుంబం వరస పల్లంలో ఉంది, వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. తల్లీ తండ్రీ ఆ తడిలోనే పడుకున్నారు, ఈయనకు మాత్రం పొడి నేల, పూల పొద కావలసి వచ్చాయి.

పక్కింటి ట్రూడీ ఈ కబురు విని చేతికంటిన పిండి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది.

"ఆదివారం చర్చిలో అందరి ముందూ కడిగేద్దాం పద. నా నోటి సంగతి నీకు తెలుసుగా."

"కడిగినందుకే కదే ఇంతా జరిగింది," అంది ఆర్డిత్. "నోరు తర్వాత. ముందు ఈ వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టు."

జాకీ వేసి ముందు భాగం లేపారు. మూత ఊడదీసి, పిన్ను లాగి, వాషర్లు తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చింది ఆర్డిత్. చక్రం లాగగానే హబ్బులోంచి టీ రంగు నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. బేరింగు గుండ్లు తుప్పుతో గుంటలు పడిపోయాయి. వాటిని వేలితో ఒకసారి తిప్పి చూసింది.

"కొత్త బేరింగులు ఏవే?" అని ట్రూడీ అడిగింది.

"ఫ్రిజ్‌లో. ఐస్‌క్రీం డబ్బా పక్కన."

"తినడానికా?"

"చలికి కాస్త ముడుచుకుంటాయి. హబ్బులోకి సులువుగా దిగుతాయి."

"అయితే నన్ను కూడా పెట్టవే. నా పెళ్ళినాటి గౌను పడుతుందేమో చూద్దాం."

ఆర్డిత్ నవ్వలేదు. పాత బేరింగులను అవతలి వైపు నుంచి కొట్టి ఊడగొట్టింది. ఇరుసు మీది తుప్పును గరుకు కాగితంతో రుద్దింది. డెల్మార్ పాత గళ్ళ చొక్కాతో హబ్బు లోపలంతా తుడిచింది. తర్వాత కొత్త బేరింగు పెట్టి, బయటి రింగు మీద చెక్క ముక్క ఆనించి, చుట్టూ తిప్పుకుంటూ సుత్తితో మెల్లిగా కొట్టింది.

"ఇంత కోపంలో అంత మెల్లిగా ఎలా కొడుతున్నావే?"

"గట్టిగా కొడితే బేరింగు పోతుంది. దీని తప్పేముంది?" అని ఆర్డిత్ సుత్తి ఆపింది. ముక్కు ఎర్రబడింది. "జీవితమంతా ఆ మనిషి పక్కన పడుకున్నాను ట్రూడీ. ఇప్పుడు వీడెవడో మధ్యలో తన పేరు చెక్కుకుని నిలబడితే నేను ఎక్కడికి పోవాలి? కడిగింది వాడు, చెడగొట్టింది వాడు, చోటు పోయింది నాకా?"

ట్రూడీ దగ్గరికి జరిగింది. గ్రీజు డబ్బా మూత తీసి అందించింది.

రెండు చక్రాలూ ఎక్కించి, కొత్త పిన్నులు వంచి, గ్రీజు నిండుగా కొట్టాక, ఆర్డిత్ ఎడమ చక్రాన్ని ఒక్క వేలితో తిప్పి వదిలింది. ఊపు లేదు, చప్పుడు లేదు. ట్రూడీ లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల నిమ్మరసం తెచ్చేసరికి అది ఇంకా తిరుగుతూనే ఉంది.

శనివారం చర్చి పెరట్లో స్ట్రాబెర్రీల విందు. ఊరంతా కాగితం పళ్ళేల్లో కేకూ పళ్ళూ మీగడా పెట్టుకుని కూర్చుంది. జూన్ ఇంకా అయిపోలేదు కాబట్టి కోత ఆర్డిత్‌దే. ఆమె ఎవరినీ పలకరించకుండా గేటులోంచి బండి తోలుకుపోయింది.

మొదటి వరస రాళ్ళు ఆలోచించినట్టు ఒక్క క్షణం ఆగి, జానెడు పక్కకు జరిగాయి. కోత అయ్యాక వెనక్కి వచ్చాయి. రెండో వరసా అంతే. విందులో ఎవరో "హమ్మయ్య" అని మళ్ళీ కేకు తినడంలో పడ్డారు.

తూర్పు వరస దగ్గర ఆర్డిత్ బండి వేగం తగ్గించింది. హోబర్ట్ రాయి కింద ఎవరూ లేరు. కింద మనిషి లేని రాయికి దారి ఇవ్వమని ఎవరు చెబుతారు? అయినా తోలింది. డెల్మార్ రాయి పక్కకు జరిగి, తిరిగి వచ్చింది. దాన్ని చూసి నల్ల రాయి కూడా జరిగింది. కానీ తిరిగి రాలేదు.

"వెనక్కి రాదేం?" అన్నాడు హోబర్ట్, పళ్ళెం పట్టుకుని లేచి.

"ఎందుకొస్తుంది? కింద పిలిచేవాళ్ళెవరు?" అంది ట్రూడీ, ఇంకాస్త మీగడ వేసుకుంటూ.

ఆర్డిత్ ఇంకో చుట్టు వచ్చింది. రాయి మర్యాదగా ఇంకో జానెడు జరిగింది. అది ఉన్నచోటల్లా గడ్డి ఉంది, గడ్డి ఉన్నచోటల్లా కోయాలి. ఆమె కోసుకుంటూ పోయింది, అది తప్పుకుంటూ పోయింది. మెరక దిగి, పూల పొద దాటి, మధ్యాహ్నానికి పల్లంలో హోబర్ట్ కుటుంబం వరస చివర, వాడిపోయిన పూలదండలు పారబోసే కుప్ప పక్కన, వాళ్ళమ్మ రాతికి దగ్గరగా ఆగింది. అక్కడంతా బురద, గడ్డి మొలవదు.

ఆ తర్వాత హోబర్ట్ పిలిస్తే, రాయి దింపిన లారీవాడు ఆ బురదలోకి బండి తేనన్నాడు. జూలై సంగతి బోర్డులో ఎవరూ ఎత్తలేదు.

గురువారం ఆర్డిత్ షెడ్డులో చక్రం ఊపి చూసుకుంటుంటే హోబర్ట్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలోనే ఉంది.

"ఆర్డిత్ గారూ, మీరు ఆ పల్లం వైపు నుంచి ఒక్కసారి బండి తోలుకొస్తే, అది మళ్ళీ ఇటు జరుగుతుంది కదా."

ఆర్డిత్ హబ్బు అంచున వచ్చిన గ్రీజును డెల్మార్ చొక్కాతో తుడిచి, మూత బిగించింది.

"జరుగుతుంది. కానీ కోయడానికి అక్కడ గడ్డేదీ హోబర్ట్?" అంది.