కాగితం తీసేస్తే

మా ఇంట్లో శనివారమంటే దుప్పట్ల రోజు. పదింటికల్లా పాత అతిథులు ఖాళీ చేస్తారు, రెండింటికి కొత్తవాళ్ళు దిగుతారు. ఆ నాలుగు గంటల్లో ఐదు గదులు, పదకొండు మంచాలు, ఐదు బాత్రూములు. మా పాగ్ దీవిలో వేసవికి గదులు అద్దెకివ్వని ఇల్లు లేదు. ఆ గదులు మగవాళ్ళు తుడిచిన ఇల్లూ నేను చూడలేదు. మా ఆయన ఫ్రానే తాళాలు చేతికిస్తాడు, నవ్వుతూ తలా ఒక గ్లాసు రాకియా, మా పళ్ళ సారా, పోస్తాడు. కిందటేడు ఒక జర్మన్ జంట వెళ్ళాక "ఫ్రానే ఇల్లు అద్దంలా ఉంచుతాడు" అని రాస్తే, దాన్ని ఫోన్లో నాకే చదివి వినిపించాడు. అప్పుడు నేను తుడుస్తున్నది అద్దమే.

వాషింగ్ మెషీన్ ఒక విడత తిరగడానికి యాభై నిమిషాలు పడుతుంది. ఆ యాభై నిమిషాలూ నావి. వంటింటి బల్ల మీద రొట్టె ముక్కలు ఒక పక్కకి తోసి, లాప్‌టాప్ తెరిచి కోడ్ రాస్తాను. ఒక వృత్తం గీయి, దాన్ని పదహారు భాగాలు చెయ్యి, ప్రతి భాగాన్నీ రవ్వంత తిప్పి మళ్ళీ గీయి, ఈసారి కొంచెం చిన్నదిగా. అంతే, గట్టిగా ఏడెనిమిది వరుసలు. పక్కనే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న గీతల యంత్రం పెన్ను పట్టుకుని కాగితం మీద నడవడం మొదలుపెడుతుంది. ఎనిమిది వరుసల్లోంచి వెయ్యి గీతల పువ్వు విచ్చుకుంటుంటే, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఒక్క అంకె మారిస్తే అదే పువ్వు నక్షత్రమవుతుంది. రాజధాని జాగ్రెబ్‌లో లెక్కలు చదువుకునే రోజుల్లో ఉన్న నీవెస్‌ని, అప్పటి నన్ను, నేనింకా పోగొట్టుకోలేదని ఆ కాసేపూ నమ్మకం కలుగుతుంది. "మా ఆవిడకి అదో కాలక్షేపం" అంటాడు ఫ్రానే అతిథులతో, నేను అక్కడే నిలబడి ఉండగానే.

మా అత్తగారు పెరీనాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే కుర్చీ గుమ్మంలో వేసుకుని, ఒళ్ళో గట్టి దిండు పెట్టుకుని, సూదితో లేసు కుడుతుంది. ఎదురుగా నమూనా ఉండదు, అసలు మా ఊళ్ళో ఎవరికీ ఉండదు. దిండు మీద ఒక దళసరి కాగితం, దానికి తాత్కాలికంగా పట్టిన నాలుగు దారాలు, మిగిలిందంతా తలలోనే. కుట్టడం అయ్యాక ఆ నాలుగు దారాలూ కత్తిరించి కాగితం తీసేస్తారు. లేసు దానంతటది నిలబడాలి.

జూన్‌లో ఒకరోజు నా బొమ్మల్లోకెల్లా నాకు నచ్చినదాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టాను, మెచ్చుకుంటుందనే. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, సూది మొనతో గీతల వెంటే పోయింది.

"బాగుందే. మరి కాగితం తీసేస్తే?"

"తీసేయడమేంటి అత్తయ్యా, అది కాగితం మీద బొమ్మే కదా."

"ఇదిగో, ఈ దారం దేన్ని పట్టుకుని ఉంది? ఇది? ఇదీ గాల్లోనే. సగం రాలిపోతాయమ్మాయ్."

నాకు ఒళ్ళు మండింది. దెప్పడానికి ఈవిడకి ఇంకేం దొరకలేదా అనుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. దుప్పట్లు మడతపెడుతున్నా అదే, చేపలు తోముతున్నా అదే. గీసిన గీతని ముట్టుకోకుండా కొత్త గీత మొదలు కాకూడదు అని కోడ్‌లో ఒక్క షరతు పెడితే ఏమవుతుంది? పెట్టడానికి మూడు వారాలు పట్టింది. మధ్యలో పదిసార్లు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ పెదాలు కదులుతుంటాయి: ఏడు వెయ్యి, తిరుగు, ఒకటి వదులు, మళ్ళీ ఏడు, అంచు తగిలితే ఒకటి తగ్గించు. నేను విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నదాన్ని ఈవిడ ఎనిమిదేళ్ళ వయసునుంచీ తలలో నడుపుతోంది. నాకు సిగ్గూ గర్వమూ ఒకేసారి కలిగాయి.

కొత్త బొమ్మ వచ్చినరోజు ఆవిడ చాలాసేపు చూసి, "ఇది నిలబడుతుంది" అంది. నా పట్టా చేతికొచ్చినప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

ఆ కొత్త బొమ్మల్ని నెట్‌లో పెడితే, అవి చూసి జదార్ పట్నంలోని ఒక గ్యాలరీ వాళ్ళు ఉత్తరం రాశారు. ఆగస్టు నడిమధ్య మూడు రోజులు, జనం చూస్తుండగా యంత్రంతో గీసి చూపించాలి. శనివారం మధ్యాహ్నంలోగా జవాబివ్వకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తారు. ఫ్రానేకి చెబితే మొదట నవ్వాడు. "ఆగస్టులోనా? మరి పక్కలు నీ యంత్రం వేస్తుందా?" అన్నాడు. తర్వాత మంచిగానే చెప్పాడు: నవంబర్‌లో అయితే నేనే కార్లో దింపేవాణ్ణి కదా అని. అతను చెడ్డవాడు కాదు. అదే నా కష్టం. చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడేదాన్ని.

శనివారం పదకొండింటికి, మెషీన్ తిరుగుతుండగా, రాలేనని జవాబు టైపు చేశాను. పంపలేదు. గుమ్మంలో కూర్చున్న అత్తగారికి చదివి వినిపించాను, ఎందుకో నాకే తెలియదు. ఆవిడ సూది ఆపలేదు.

"నన్నూ పిలిచారు ఒకసారి. మే నెలలో, జాగ్రెబ్‌కి. జనం ముందు కూర్చుని కుట్టి చూపించాలన్నారు. గొర్రెల పాలు పితికే రోజులే అవి, ఎట్లా కుదురుతుందన్నారు మీ మావగారు. నా బదులు ఇంకొకావిడ వెళ్ళింది. ఆవిడ పువ్వుల అంచులు వదులుగా ఉంటాయి."

యాభై ఏళ్ళకి పైగా అయింది. ఆ వదులు అంచులు ఆవిడ ఇంకా మరిచిపోలేదు.

నేను వంటింట్లోకి వచ్చి రాసింది చెరిపేశాను. "వస్తున్నాను" అని పంపాను. తర్వాత అద్దెల క్యాలెండర్ తెరిచి, ఆగస్టులో ఆ మూడు రోజులకీ ఐదు గదులూ మూసేశాను. అన్నీ ఇంకా ఖాళీగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ మాట తప్పినట్టు కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

నేను మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళిన రెండు నిమిషాల్లో ఫ్రానే ఫోన్ పట్టుకుని అక్కడికి వచ్చాడు.

"నీవెస్, ఇది చూడు. ఆగస్టులో మూడు రోజులు గదులన్నీ మూసినట్టు చూపిస్తోంది. యాప్‌లో ఏదో తప్పు పడింది."

"తప్పు కాదు. నేనే మూశాను."

అతను నావైపు చూసి, వాళ్ళమ్మ వైపు చూశాడు. నువ్వైనా చెప్పమ్మా అన్నాడు.

పెరీనా దారం కొరికి, సూది దిండుకి గుచ్చి తలెత్తింది.

"మూడు రోజులేం సరిపోతాయే అమ్మాయ్, నాలుగు చెయ్యి. ఈ వయసులో నేను బస్సు దిగగానే కుట్టలేను."