చేప కంటి గడి

మధ్యాహ్నం కునుకులో టైల్స్ మేస్త్రీకి నీళ్ళు కనబడ్డాయి. నిజానికి ఆయన పని చేయిస్తున్న ఈతకొలనులోకి ఇంకా నీళ్ళు వదలనే లేదు. అడుగున టైల్స్‌తో పరిచిన వెండిరంగు చేప లేచి ఈదుతోంది. ఈదుతూ ఈదుతూ పోయి గోడకు కొట్టుకుంది. తిరిగి వచ్చి ఇంకో గోడకు కొట్టుకుంది. మేస్త్రీ ఉలిక్కిపడి లేచాడు.

మోకాళ్ళు మొరాయించాక ఆయన పనిలోకి దిగడం మానేశాడు. ఇదే ఆఖరి పని అని ఇంట్లో చెప్పేశాడు కూడా. చేపను గళ్ళ కాగితం మీద గీసి, ఒక్కో రంగుముక్కకూ నాలుగేసి హద్దులు కోడలికి చెప్పాడు. ఆమె రాసిన కోడ్ వాటిని గళ్ళ చిరునామాలుగా మార్చింది. మూడో వరస నుంచి ఏడు దాకా, రెండో నిలువు నుంచి ఆరు దాకా అంటే, నిలువుకు ఇంగ్లీషు అక్షరం, వరసకు అంకె పెట్టి, B3:F7. పనివాళ్ళు ఆ చీటీలు చూసుకుని టైల్స్ పరిచేశారు. రేపు పొద్దున్నే సందులు పూడ్చేస్తారు. ఇక ఏ ముక్కా కదలదు.

"అమ్మాయ్, చేపకు కన్ను పెట్టారా?"

కోడలు ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూసింది. "లేదు మామయ్యా. తలంతా వెండే."

"చెప్పానుగా. వరస తొమ్మిది నుంచి తొమ్మిది. నిలువు పన్నెండు నుంచి పన్నెండు."

ఆమె కంప్యూటర్ తెరిచి నాలిక కరుచుకుంది. "తప్పు నాదే. చివర్లోంచి మొదలు తీసేస్తే సున్నా వచ్చింది. సున్నా అయితే అక్కడేం లేదు, వదిలెయ్యమని రాశాను."

"నేను పుట్టిన ఇంట్లోనే ఉన్నా. మొదలూ చివరా ఒకటే. అంటే లేనట్టా?"

"ఎందుకు లేరు? అత్తయ్యనడిగితే అక్కర్లేనంత ఉన్నారంటుంది."

మేస్త్రీ మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆమె ఆ తేడాకు ఒకటి కలిపింది. ఒకే గడి అయితే ఒకే పేరు రాయమంది. జాబితా చివర కొత్త చీటీ వచ్చింది: L9.

"పనివాళ్ళకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు. నేనే దిగుతా."

"మోకాళ్ళో?"

"అవీ వస్తాయిలే."

కొలను దగ్గరికి వెళ్ళి, కోడలి భుజం పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. గళ్ళు లెక్కపెట్టాడు. ఒక్క వెండిముక్కను ఉలితో లేపాడు. తడి సిమెంటు అద్ది, జేబులో వేసుకొచ్చిన నల్లముక్కను పెట్టి బొటనవేలితో నొక్కాడు.

పైనుంచి ఎండ పడి అడుగంతా నీళ్ళలా కదిలింది. చేప చూస్తోంది.

మేస్త్రీ దాని దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగి కూర్చున్నాడు.